సెకండ్ హ్యాండ్ టీవోలో ఫ్రెండ్ ఇచ్చిన కేబుల్ కార్డు పెడితే ఛానెళ్ళు వస్తాయా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో ఉంటున్నారు, ఇంట్లో మూడు టీవీలు, మూడింటికీ కేబుల్ కంపెనీ బాక్సులు, నెలనెలా ఆ బాక్సుల అద్దె చూస్తే ఒళ్ళు మండుతోంది. సెకండ్ హ్యాండ్‌లో టీవో రోమియో (టీవీ ప్రోగ్రాములు రికార్డ్ చేసే డబ్బా, డీవీఆర్ అంటారు) చవగ్గా దొరుకుతోంది, మీ ఫ్రెండ్ కేబుల్ మానేసినప్పుడు వెనక్కి ఇవ్వకుండా ఉంచేసుకున్న కేబుల్ కార్డు (కంపెనీ ఛానెళ్ళకి వేసిన తాళం విప్పే కార్డు, సొంత డబ్బాలో గుచ్చుకోవాలి) ఒకటి ఇస్తానంటున్నాడు. అది తెచ్చి గుచ్చేస్తే ఛానెళ్ళన్నీ వస్తాయా, రాకపోతే ఏం చెయ్యాలి, అసలు ఈ రోజుల్లో ఈ పని పెట్టుకోవడం దండగా అని.

ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత. ఫ్రెండ్ కార్డు పనికిరాదు. మీ కేబుల్ ఆపరేటర్ మీ అకౌంట్‌లో రాసుకుని ఇచ్చిన కార్డే కావాలి. వాళ్ళు ఇస్తామంటే రోమియో ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఒక్క కార్డుతో మూడు టీవీలూ నడుస్తాయి. ఇవ్వమంటే ఇంక అక్కడితో అయిపోయింది, ఏ షాపులోనూ కొనుక్కునే వస్తువు కాదది. కాబట్టి టీవోకి డబ్బులిచ్చే ముందే ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యండి, టీవో కొనేసి తర్వాత ఫోన్ చేసి తలపట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశా.

నేను ఒక కేబుల్ కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేసి తర్వాత సొంతంగా ఇళ్ళల్లో హోమ్ థియేటర్ పనులు చేస్తున్నా, ఈ కార్డులు బాగా పెరిగిన రోజుల నుంచి తరిగిపోయే రోజుల దాకా చేత్తో పెట్టినవాణ్ణే. అందరూ దీన్ని సిమ్ కార్డు లాంటిది అనుకుంటారు, ఫోన్ మార్చి సిమ్ వేసుకున్నట్టు వేసుకోవచ్చని. కాదండి. బ్యాంకు లాకర్ గుర్తు చేసుకోండి, మీ తాళంచెవి ఒక్కటే ఉంటే తెరుచుకోదు, బ్యాంకు వాళ్ళ తాళంచెవి కూడా పడాలి. ఇక్కడ కూడా కార్డు ఒక్కటే సరిపోదు, ఆ కార్డు ఏ డబ్బాలో ఉందో ఆ డబ్బాతో కలిపి ఆపరేటర్ ఒప్పుకోవాలి.

కొంచెం వివరంగా చెప్తా, ఇది అర్థమైతే తర్వాత వచ్చే తలనొప్పులు సగం మీరే తేల్చుకోగలరు. కార్డు చూడ్డానికి పాత లాప్‌టాప్‌లలో పెట్టే పీసీఎంసీఐఏ కార్డే, అదే సైజు, అవే 68 పిన్నులు. ట్యూనర్ కార్డులో ఉండదు, టీవోలో ఉంటుంది. టీవో ట్యూనర్ కేబుల్ లోంచి ఛానెల్ పట్టుకుని, ఆ ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే తాళం పడి ఉన్న స్ట్రీమ్‌ని కార్డులోకి పంపుతుంది, కార్డు తన దగ్గరున్న ఆథరైజేషన్ (ఏ ఛానెళ్ళు చూడొచ్చన్న అనుమతి) చూసుకుని విప్పి మళ్ళీ టీవోకి ఇస్తుంది. ఆ ఆథరైజేషన్ కార్డులో పుట్టుకతో ఉండదు, హెడ్‌ఎండ్ (ఆపరేటర్ ఛానెళ్ళు పంపే కేంద్రం) నుంచి ఒక వేరే కంట్రోల్ ఛానెల్ మీద వస్తుంది, మన భాషలో అవుట్ ఆఫ్ బ్యాండ్ అంటాం. ఏ నంబర్‌లో ఏ ఛానెల్ ఉందో చెప్పే ఛానెల్ మ్యాప్ కూడా దాని మీదే వస్తుంది. అంటే ఆపరేటర్ కంప్యూటర్‌లో మీ అకౌంట్‌లో ఆ కార్డు నంబర్ లేకపోతే, కార్డు ఎంత కొత్తదైనా అది ఒక రేకుముక్కే.

అక్కడితో అయిపోలేదు. రెండోది పెయిరింగ్. కార్డుకో ఐడీ, అది కూర్చున్న డబ్బాకో హోస్ట్ ఐడీ, రెండూ కలిసినప్పుడు ఒక డేటా ఐడీ. కార్డు మొదటిసారి పెట్టగానే టీవీ మీద ఒక స్క్రీన్ వస్తుంది, ఈ నంబర్లు చూపించి మీ కేబుల్ కంపెనీకి ఫోన్ చేసి చదవండి అంటుంది. కార్డు విప్పిన వీడియో ఏ తాళం లేకుండా అలా బయటికి వచ్చేస్తే ఎవరైనా కాపీ కొట్టుకోవచ్చు కదా, అందుకని కాపీ ప్రొటెక్షన్ ఉన్న ఛానెళ్ళని కార్డు విప్పి, మళ్ళీ ఆ ఒక్క డబ్బాకి మాత్రమే అర్థమయ్యేలా ఇంకో తాళం వేసి పంపుతుంది, దాని పేరు డీఫాస్ట్. అదే కార్డు పీకి ఇంకో డబ్బాలో పెట్టారనుకోండి, హోస్ట్ ఐడీ మారింది కాబట్టి పెయిరింగ్ పోయినట్టే, మళ్ళీ ఫోన్, మళ్ళీ నంబర్లు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, ఫ్రెండ్ కార్డుతో నాకు కొన్ని ఛానెళ్ళు వచ్చాయి అని ఎవరైనా చెప్తే అది అబద్ధం కాకపోవచ్చు. కాపీ ప్రొటెక్షన్ లేని ఛానెళ్ళకి పెయిరింగ్ అవసరం పడదు, ఆథరైజేషన్ ఒక్కటి ఉంటే చాలు. అదే ఏరియాలో, ఫ్రెండ్ అకౌంట్ ఇంకా బతికుంటే, కార్డు తెచ్చి మీ ఇంట్లో పెడితే కొన్ని తగలొచ్చు. కానీ అది ఆయన సర్వీస్ మీరు దొంగతనంగా చూడడం అవుతుంది, దానికి ఇక్కడ ఫెడరల్ చట్టమే ఉంది, సరదాకి కూడా వద్దు. మీ విషయంలో అయితే ఆ అనుమానం కూడా లేదు, ఆయన కేబుల్ మానేశాడు కాబట్టి ఆ కార్డు ఆథరైజేషన్ ఎప్పుడో తీసేసి ఉంటారు. పైగా అది కంపెనీ వస్తువు, ఆయన అకౌంట్‌లో తిరిగివ్వని ఐటెమ్‌గా పడి ఉండొచ్చు, మీరు ఫోన్ చేసి ఆ నంబర్ చదివితే వాళ్ళు మీ అకౌంట్‌లో వెయ్యరు సరికదా ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది అని అడుగుతారు. ఆన్‌లైన్‌లో అమ్మే పాత కార్డులదీ ఇదే కథ, అవి కొనకండి.

ఇప్పుడు ఆపరేటర్ ఇస్తాడా ఇవ్వడా అన్నది. దీనికి కాస్త వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే పాత పోస్టులు చదివి "ఇవ్వకపోతే ఎఫ్‌సీసీకి (అమెరికాలో కేబుల్, టెలికాం కంపెనీలని అదుపుచేసే ప్రభుత్వ సంస్థకి) కంప్లైంట్ పెట్టు, పరిగెత్తుకుంటూ వచ్చి ఇస్తారు" అని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు నిజమే. 1996 టెలికమ్యూనికేషన్స్ యాక్ట్ లో సెక్షన్ 629 అని ఒకటి పెట్టారు, కేబుల్ బాక్సులు కంపెనీ దగ్గరే అద్దెకి తీసుకోవాల్సిన పని లేకుండా జనం బయట షాపులో కొనుక్కునేలా ఎఫ్‌సీసీ చూడాలని. దాంతో 1998 లో ఎఫ్‌సీసీ, సెక్యూరిటీ భాగాన్ని బాక్సు నుంచి విడదియ్యండి, 2000 జులై కల్లా విడిగా ఇవ్వండి అంది. అలా కేబుల్ కంపెనీల ఉమ్మడి పరిశోధన సంస్థ కేబుల్‌ల్యాబ్స్ వాళ్ళ చేతిలో పుట్టిందే ఈ కార్డు. బయటివాళ్ళకి కార్డు ఇచ్చి తమ బాక్సులకి మాత్రం లోపలే సెక్యూరిటీ పెట్టుకుంటే కంపెనీలకి ఆ కార్డు మీద శ్రద్ధ ఎందుకుంటుంది చెప్పండి, అందుకని మీ సొంత బాక్సుల్లో కూడా ఇదే కార్డు వాడాలి అని రూల్ పెట్టారు. అది వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి 2007 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది.

నా అనుభవంలో అదే దీనికి మంచి కాలం. 2010 లో ఎఫ్‌సీసీ ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది, కస్టమర్ కార్డు తనే పెట్టుకుంటానంటే ఒప్పుకోవాలి, అద్దె ఎంతో విడిగా చూపించాలి అని. ఆ రూల్ రాకముందు టెక్నీషియన్ వస్తేనే కార్డు, ఆ టెక్నీషియన్‌కేమో కార్డు గురించి ట్రైనింగ్ ఉండదు, మధ్యాహ్నం అంతా ఫోన్ పట్టుకుని హోల్డ్‌లో కూర్చునేవాళ్ళం.

తర్వాత నుంచి అంతా దిగుడే. 2014 లో కాంగ్రెస్ ఒక శాటిలైట్ టీవీ బిల్లులో పనిలోపనిగా ఆ ఉమ్మడి కార్డు రూల్ ఎత్తేసింది, 2015 డిసెంబర్ నుంచి కంపెనీలు తమ బాక్సుల్లో కార్డు పెట్టక్కర్లేదు. 2016 లో దీనికి బదులు ఇంకో పద్ధతి తెద్దామని అప్పటి ఎఫ్‌సీసీ చైర్మన్ టామ్ వీలర్ ప్రయత్నించాడు, అది ఓటింగ్ దాకా వచ్చి ఆగిపోయింది. 2020 సెప్టెంబర్‌లో ఎఫ్‌సీసీ కార్డుల సపోర్ట్ రూల్స్ కూడా తీసేసింది. సెల్ఫ్ ఇన్‌స్టాల్, అద్దె విడిగా చూపించడం, ఎఫ్‌సీసీకి రిపోర్టులు పంపడం, అన్నీ పోయాయి. అందుకే ఇప్పుడు ఎఫ్‌సీసీ పేరు చెప్పి ఫోన్‌లో దబాయించి లాభం లేదు, మర్యాదగా అడిగి వాళ్ళ దగ్గర స్టాక్ ఉంటే తెచ్చుకోవడమే.

జనం కూడా పెద్దగా వాడలేదు లెండి. 2015, 16 ప్రాంతంలో ఎఫ్‌సీసీకి ఇచ్చిన లెక్కల ప్రకారం షాపులో కొన్న డివైజుల్లో పెట్టిన కార్డులు 6 లక్షల పైచిలుకు, కంపెనీల సొంత బాక్సుల్లో ఉన్నవి 5 కోట్ల పైన. కార్డు విఫలమైందనేవాళ్ళు ఈ లెక్కే చూపిస్తారు. నాకైతే కార్డులో పెద్ద తప్పేం కనపడదు, దాన్ని ఇచ్చే చెయ్యి ఇష్టం లేకుండా ఇచ్చింది, అంతే.

సరే, మీ సంగతికి వద్దాం. ఫోన్ చేసినప్పుడు మామూలు కస్టమర్ కేర్‌లో కేబుల్ కార్డు అంటే సగం మందికి తెలీదు, శాటిలైట్ కార్డో ఇంటర్నెట్ మోడెమో అనుకుంటారు, అందుకని ముందే "నా సొంత టీవో ఉంది, దానికి మల్టీ స్ట్రీమ్ కేబుల్ కార్డు కావాలి" అని అలాగే చెప్పండి. అడగాల్సినవి: కొత్తగా కార్డులు ఇంకా ఇస్తున్నారా, మీ ఏరియాలో ఛానెళ్ళు ఇంకా పాత పద్ధతి డిజిటల్ కేబుల్ మీద వస్తున్నాయా లేక ఐపీకి (ఇంటర్నెట్ పద్ధతిలో పంపడానికి) మార్చేశారా, ట్యూనింగ్ అడాప్టర్ (దీని సంగతి కింద చెప్తా) కావాలా, నెలకి కార్డు అద్దె ఎంత, దాంతోపాటు ఇంకేమైనా ఫీజు పడుతుందా. రెండో ప్రశ్న వదలకండి, ఛానెల్ ఐపీకి వెళ్ళిపోతే కార్డు దాన్ని విప్పలేదు, అసలు దాని దాకా రాదు. మీది యూవర్స్ లాంటి ఐపీ సర్వీస్ అయినా, డిష్, డైరెక్ట్ టీవీ లాంటి శాటిలైట్ అయినా ఈ కార్డు మాటే లేదు. వెరైజన్ ఫయాస్ ఫైబరే అయినా టీవీ ఛానెళ్ళు మాత్రం కేబుల్ పద్ధతిలోనే పంపుతూ వచ్చింది, అందుకే కార్డులతో ఫయాస్ వాళ్ళు చాలామంది హాయిగా ఉన్నారు. మీరు ఏ కంపెనీయో రాయలేదు కాబట్టి అన్నీ చెప్తున్నా.

ఆ రోమియో కూడా ఒకసారి సరిగ్గా చూసుకోండి. రోమియో 2013 లో వచ్చింది. మామూలు రోమియోలో 4 ట్యూనర్లు, కేబుల్ అయినా యాంటెన్నా అయినా పనిచేస్తుంది. ప్లస్, ప్రో వాటిల్లో 6 ట్యూనర్లు, అవి కేబుల్‌కి మాత్రమే. తర్వాత రోమియో ఓటీఏ అని ఇంకోటి అమ్మారు, పేరు చూసి మోసపోకండి, అది యాంటెన్నాది, దానికి కేబుల్ కార్డు పనిచెయ్యదు. చవగ్గా వస్తోందంటే అదే అయి ఉండొచ్చు. అమ్మేవాణ్ణి వెనకవైపు, కిందవైపు ఫోటోలు అడగండి, మోడల్ నంబర్ కనపడాలి.

ఇంకోటి, టీవోకి సబ్‌స్క్రిప్షన్ లేకపోతే అది పెద్దగా పనికిరాని డబ్బా, గైడ్ (ఏ ప్రోగ్రాం ఎప్పుడో చూపించే లిస్టు) రాదు, రికార్డింగ్ ఉండదు. లైఫ్‌టైమ్ సర్వీస్ ఉన్నది దొరికితేనే కొనండి, ఆ లైఫ్‌టైమ్ మనిషికి కాదు డబ్బాకి, ఓనర్ మారినా డబ్బాతో పాటే వస్తుంది. అమ్మేవాడు లైఫ్‌టైమ్ ఉంది అంటే నమ్మేయకుండా సిస్టమ్ ఇన్ఫర్మేషన్ స్క్రీన్ ఫోటో పెట్టమనండి, అందులో కనపడుతుంది. టీవో కంపెనీ 2025 లో డీవీఆర్ బాక్సులు అమ్మడమే ఆపేసింది, ఉన్నవాళ్ళకి సర్వీస్ నడుస్తోంది కానీ కొత్త ఫీచర్ల మీద ఆశ పెట్టుకోవద్దు. హార్డ్ డిస్క్ పాతది అయి ఉంటుంది, అది పోవడం ఈ డబ్బాలకి మామూలే, మార్చుకోవచ్చు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

మూడు టీవీల సంగతికి అసలు కిటుకు ఇక్కడుంది. మొదట్లో కార్డులు సింగిల్ స్ట్రీమ్, అంటే ఒకసారికి ఒక్క ఛానెలే విప్పేవి, అందుకే 2006 లో వచ్చిన టీవో సిరీస్ 3 లో రెండు కార్డులు పెట్టాల్సొచ్చేది. తర్వాత వచ్చిన ఎం కార్డు అంటే మల్టీ స్ట్రీమ్ కార్డు ఒకేసారి 6 స్ట్రీములు విప్పుతుంది. హాల్లో రోమియో పెట్టి, బెడ్‌రూముల్లో టీవో మినీలు (రోమియోకి తోడుగా మిగతా టీవీల దగ్గర పెట్టే చిన్న డబ్బాలు) పెడితే అవి నెట్‌వర్క్ మీద రోమియో ట్యూనర్లనే వాడుకుంటాయి, వాటికి కార్డు అక్కర్లేదు, అద్దె అక్కర్లేదు. కార్డు మీద ఒక పక్క ఎం అని రాసి ఉంటుంది చూసుకోండి, చాలా పాత స్టాక్ అయితే ఎస్ కార్డు అంటగట్టే ప్రమాదం ఉంది, రోమియోలో అది పనిచెయ్యదు.

డబ్బుల లెక్క. 2015 లో సెనేటర్లు మార్కీ, బ్లూమెంథాల్ ఇద్దరూ కంపెనీల దగ్గర సమాచారం తెప్పించి లెక్కేస్తే సగటు ఇంటికి బాక్సుల అద్దె ఏడాదికి 231 డాలర్ల దాకా తేలింది, ఒక్కో బాక్సుకి నెలకి 7 డాలర్ల పైన. ఇప్పుడు బిల్లులు అంతకంటే పెరిగాయే గానీ తగ్గలేదు. కార్డు అద్దె మామూలుగా నెలకి కొద్ది డాలర్లే, కొన్నిచోట్ల మొదటి కార్డు ఉచితంగా కూడా ఇచ్చేవాళ్ళు. అయితే బిల్లులో పేర్లు మార్చి వస్తాయండి, అవుట్‌లెట్ ఫీజు, హెచ్‌డీ టెక్నాలజీ ఫీజు, డీవీఆర్ ఫీజు అంటూ. బాక్సులు తిరిగిచ్చాక వచ్చే మొదటి బిల్లు లైను లైను చదవండి, డీవీఆర్ వాళ్ళది లేకపోయినా డీవీఆర్ ఫీజు వేసిన బిల్లులు నేను చూశా, ఫోన్ చేస్తే తీసేస్తారు, చెయ్యకపోతే ఏళ్ళ తరబడి అలాగే పోతుంది.

పెట్టే పద్ధతి పెద్ద కష్టం కాదు గానీ వరస ముఖ్యం. ముందు కార్డు లేకుండానే టీవోని ఇంటర్నెట్‌కి కలిపి సెటప్ పూర్తిచేసి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యేదాకా ఆగండి. తర్వాత కోయాక్స్ (గోడలోంచి వచ్చే కేబుల్ వైరు) తగిలించి కార్డు పెట్టండి, బలవంతంగా తొయ్యొద్దు, లోపల పిన్నులు వంగితే డబ్బా పోయినట్టే. కార్డు పెట్టాక అది తన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోవచ్చు, స్క్రీన్ ఏమీ చెప్పకుండా కాసేపు ఉండిపోతుంది, అప్పుడు తొందరపడి పీకకండి. నంబర్ల స్క్రీన్ రాగానే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, కాల్‌లో ఉన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. చదివాక వాళ్ళు తిరిగి చదివి వినిపించమనండి, ఒక్క అంకె తప్పు పడితే అటువైపు అంతా బాగానే ఉంది అనిపిస్తుంది, ఇటువైపు ఛానెల్ రాదు. ఇన్నేళ్ళలో నేను చూసిన పెయిరింగ్ ఫెయిల్యూర్లలో ఎక్కువ ఇవే, కార్డులు చెడిపోవడం చాలా అరుదు.

ఏం వచ్చింది ఏం రాలేదు అన్నదాన్ని బట్టి ఎక్కడ తేడా కొట్టిందో చెప్పెయ్యొచ్చు. మామూలు ఛానెళ్ళు వస్తున్నాయి, హెచ్‌బీవో లాంటి ప్రీమియం మాత్రం నల్ల స్క్రీన్ అంటే దాదాపుగా పెయిరింగ్ పడలేదు, పైన చెప్పానుగా, కాపీ ప్రొటెక్షన్ ఉన్నవాటికే అది కావాలి. ఈ మాటే టెక్నీషియన్‌కి చెప్పండి, "కార్డుకి ఆథరైజేషన్ ఉంది, పెయిరింగ్ లేదు, హోస్ట్ ఐడీ సరిచూడండి" అని. కాల్ సెంటర్‌లో మామూలుగా చేసేది రిఫ్రెష్ సిగ్నల్ పంపడం, అది ఆథరైజేషన్‌ని మళ్ళీ పంపుతుందే గానీ తప్పు పడిన హోస్ట్ ఐడీని సరిచెయ్యదు. ఛానెల్ నంబర్లే గందరగోళంగా ఉన్నాయి, అసలేమీ రావట్లేదు అంటే ఆ కంట్రోల్ ఛానెల్ అందట్లేదు, కేబుల్ సిగ్నల్ చూడాలి. కొన్ని ఛానెళ్ళు మాత్రం గళ్ళుగళ్ళుగా పగులుతున్నాయి అంటే అది కార్డు పాపం కాదు, స్ప్లిటర్లు (ఒక కేబుల్ లైనుని రెండు మూడుగా చీల్చే ముక్కలు). ఇంట్లో పాతకాలం స్ప్లిటర్లు గోడల్లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, రోమియోకి వచ్చే లైను మొదటి స్ప్లిటర్ నుంచే తెచ్చుకోండి. సిగ్నల్ ఎక్కువైనా ఇబ్బందే, ఆంప్లిఫయర్ పెట్టి పాడుచేసుకున్న ఇళ్ళు ఉన్నాయి, టీవో డయాగ్నొస్టిక్స్‌లో సిగ్నల్ టు నాయిస్ 33 డీబీ పైన ఉండేలా చూసుకోండి చాలు.

ట్యూనింగ్ అడాప్టర్ అన్నా కదా, అది వేరే గొడవ. కొన్ని కంపెనీలు ఛానెళ్ళన్నీ ఎప్పుడూ లైనులో పంపకుండా ఎవరైనా అడిగినప్పుడే ఆ ఛానెల్‌ని లైను మీద వేస్తాయి, దాన్ని స్విచ్డ్ డిజిటల్ వీడియో అంటారు, స్పెక్ట్రమ్, కాక్స్ లాంటివాళ్ళు వాడారు. టీవో, కార్డు కలిసి వినగలవు గానీ వెనక్కి అడగలేవు, అందుకని యూఎస్‌బీతో తగిలించే ఒక చిన్న డబ్బా ఇస్తారు, అది అడిగిపెడుతుంది. అది హ్యాంగ్ అవుతూ ఉంటుంది, పవర్ తీసి పెట్టడమే మందు. మినీల కోసం ఇంట్లో మోకా (కేబుల్ వైరు మీదే ఇంటి నెట్‌వర్క్ నడిపే పద్ధతి) వాడుతుంటే ఆ సిగ్నల్ అడాప్టర్‌లోకి దూరి దాన్ని పిచ్చెక్కిస్తుంది, అడాప్టర్‌కి ముందు ఒక మోకా ఫిల్టర్ పెట్టండి, చిన్న ఖర్చు. రికార్డింగులు రాత్రిపూట ఫెయిల్ అవుతున్నాయని ఒక కస్టమర్ మూడు కార్డులు మార్పించుకున్నాడు, చివరికి ఆ ఫిల్టర్‌తో కుదిరింది.

ఇలా ఒకవైపు మాత్రమే వినే పద్ధతి కాబట్టి కేబుల్ కంపెనీ వాళ్ళ ఆన్ డిమాండ్ సినిమాలు, రిమోట్‌తో కొనే పే పర్ వ్యూలు మామూలుగా రావు అనుకోండి. కొన్ని కంపెనీలు టీవోతో ఒప్పందం చేసుకుని ఆన్ డిమాండ్ ఇంటర్నెట్ దారిలో ఇచ్చాయి, అందరూ కాదు. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, లేకపోతే బాక్సు తీసేసిన రోజు రాత్రి ఇంట్లో మీకు తిట్లు.

టీవో బదులు కంప్యూటర్‌తో చేద్దామా అని కూడా ఒక లైను అడిగారు, హెచ్‌డీ హోమ్‌రన్ ప్రైమ్ పేరు రాశారు. మంచి డబ్బా, 3 ట్యూనర్లు, కార్డు దాంట్లో పెడితే ఇంటి నెట్‌వర్క్ అంతా ఛానెళ్ళు ఇచ్చేది, దాని వెబ్ పేజీలో కార్డు ఆథెంటికేషన్, వ్యాలిడేషన్ సక్సెస్ అయ్యాయా లేదా అన్నది తెలిసిపోతుంది, టీవో కంటే డయాగ్నోస్ చెయ్యడం సులువు. కానీ ఇప్పుడు దాంట్లోకి దిగొద్దు. కాపీ ఫ్రీలీ (ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు) అని గుర్తున్న ఛానెళ్ళయితే ఏ ప్లేయర్‌లోనైనా ఆడతాయి, కాపీ వన్స్ (ఒక్క కాపీయే తీసుకోవచ్చు) అని గుర్తున్నవాటికి విండోస్ మీడియా సెంటర్ లాంటి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ మీడియా సెంటర్ విండోస్ 10 లో లేనే లేదు, పాత విండోస్ మీద నెట్టుకొస్తున్నవాళ్ళకి కూడా 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ గైడ్ డేటా ఆపేసింది. ఏ ఛానెల్‌కి ఏ గుర్తు పెట్టాలన్నది ఆపరేటర్ ఇష్టం, కొందరు ప్రీమియం వాటికే పెడతారు, కొందరు లోకల్ ఛానెళ్ళు తప్ప అన్నిటికీ పెడతారు. సరిగ్గా ఆ రెండో రకం ఊళ్ళో మీరుంటే ప్రైమ్ కొన్న డబ్బులు గంగపాలే. టీవోకి ఆ బాధ లేదు, కాపీ వన్స్ అయినా రికార్డ్ చేస్తుంది, వేరే డబ్బాకి కాపీ చెయ్యనివ్వదు అంతే.

ఇంక దండగా కాదా అన్న ప్రశ్న. నా మాట అయితే, ఆపరేటర్ కార్డు ఇస్తామని చెప్పి, ఛానెళ్ళు ఐపీకి మార్చే ఆలోచన మీ ఏరియాలో ఇప్పట్లో లేదని తెలిసి, లైఫ్‌టైమ్ ఉన్న రోమియో మీరు మూడు బాక్సులకి ఒక ఏడాది కట్టే అద్దె లోపల దొరికితే తీసుకోండి, ఏడాదిలో డబ్బులు వెనక్కి వస్తాయి, తర్వాత ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు లాభం. ఏడాదికి మించి లెక్క పెట్టుకోకండి, వాళ్ళు ఎప్పుడు ఆపేస్తారో ఎవరం చెప్పలేం, ఆపితే అడిగే రూల్ కూడా లేదు. ఆ మూడిట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా వదిలెయ్యండి, బాక్సులు తిరిగిచ్చి ఆపరేటర్ వాళ్ళ స్ట్రీమింగ్ యాప్ మీ టీవీలో పనిచేస్తుందేమో చూడండి, చాలా కంపెనీలు ఇప్పుడు బాక్సు లేకుండా యాప్‌లోనే ఇస్తున్నాయి. రికార్డింగ్ మీద మక్కువ లేనివాళ్ళకి అదే సుఖం.

మీ ఫ్రెండ్‌కి మాత్రం ఆ పాత కార్డు తీసుకెళ్ళి వాళ్ళ కంపెనీ స్టోర్‌లో ఇచ్చి రసీదు తీసుకోమనండి, తిరిగివ్వని సామాను కింద ఛార్జీ పడి అది కలెక్షన్ ఏజెన్సీకి వెళ్ళిందంటే క్రెడిట్ స్కోర్ దెబ్బతింటుంది. మీరు కార్డు తీసుకున్నా రేపు మానేసినప్పుడు అంతే, రసీదు మీద కార్డు సీరియల్ నంబర్ పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి, వేలెడంత వస్తువు కదా, బాక్సులతో పాటు ఇస్తే బాక్సులు స్కాన్ చేసి కార్డు వదిలేస్తుంటారు.